పేకాట ప్రోగ్రాంలో తప్పు పట్టడానికి: ప్రింట్ఎఫ్ మేలా, జీడీబీ మేలా?

సీ భాష కొత్తగా నేర్చుకునేవాళ్లు రాసే పేకాట ప్రోగ్రాంలో ఒక తప్పు తరచూ కనిపిస్తుంది. 52 ముక్కలకు అర్రే (వరుస గదుల పట్టీ) తీసుకుని, లూప్‌ని 0 నుంచి 52 దాకా తిప్పేస్తారు. గదుల లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి చివరి ముక్క ఉండేది 51 దగ్గర. ఆ పైన రాసిన విలువ పక్క వేరియబుల్ మీద పడిందంటే, ఆటగాడి స్కోరు ఉన్నట్టుండి మారిపోతుంది.

ప్రింట్ఎఫ్, అంటే విలువలను తెరమీద చూపించే సీ ఫంక్షన్, పెట్టడం సులువు. పేక కలిపాక 52 ముక్కలూ ప్రింట్ చేస్తే ఇస్పేటు ఆసు రెండుసార్లు వచ్చిందేమో కంటికే తెలిసిపోతుంది. కలపడం, పంచడంలో తప్పులకు నా ఓటు దీనికే. కానీ ప్రోగ్రాం క్రాష్ అయ్యేటప్పుడు జాగ్రత్త. చివర కొత్త లైను గుర్తు (\n) పెట్టకపోతే మన మెసేజ్ బఫర్‌లోనే (తెరకు పంపేముందు దాచుకునే చోట) ఉండిపోయి తెరమీదకు రాకపోవచ్చు. అప్పుడు తప్పు లేనిచోట గంటలకొద్దీ వెతుకుతాం.

స్కోరు దానంతటదే మారుతుంటే మాత్రం, ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపలి విలువలు చూపించే జీడీబీ అనే డీబగ్గర్‌నే పట్టుకోవాలి. డీబగ్గర్‌కి కావలసిన వివరాలు చేర్చే మైనస్ జీ (-g) ఆప్షన్‌తో కంపైల్ చేసి, స్కోరు మీద వాచ్ (కాపలా) పెట్టండి. విలువ మారగానే ప్రోగ్రాం ఆగి పాత విలువ, కొత్త విలువ రెండూ చూపిస్తుంది. ఆగిన చోటికి సరిగ్గా ముందే ఆ లూప్ కనిపిస్తుంది. క్రాష్ అయితే బీటీ (bt, బ్యాక్‌ట్రేస్) అని కొడితే చాలు, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో వరుసగా వస్తుంది. మొదటిరోజు టెన్షన్‌గా ఉంటుంది, నిజమే. బ్రేక్ (చెప్పిన చోట ఆపడం), నెక్స్ట్ (ఒక్కో లైనూ నడపడం), ప్రింట్ (విలువ చూడడం), వాచ్, బీటీ: ఈ ఐదూ ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి.