ఆరు మ్యాచ్‌ల ఫుల్‌బ్యాక్: విజయనగరంలోని ఒక హాకీ శిక్షణ కేంద్రంపై నా అభిప్రాయం

జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే మా చెల్లెలి కూతురిని విజయనగరంలోని ఒక హాకీ శిక్షణ కేంద్రంలో చేర్పించాం. పాపకు పద్నాలుగేళ్లు. అంతకుముందు రెండేళ్లు స్కూలు జట్టులో ఫార్వర్డ్‌గా ఆడింది. ఇక్కడి కోచ్ గారు ఆమె పరుగునూ, పరుగులో ఉన్నట్టుండి ఆగగలిగే తీరునూ గమనించి, మొదటి నెలలోనే వెనక్కి పంపి డిఫెండర్‌గా తయారు చేయడం మొదలుపెట్టారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన మరుసటి వారం నుంచి మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఇప్పటికి ఆరు జరిగాయి, ఆరింటినీ నేను గీత పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా చూశాను. తొంభైలలో కాలేజీ జట్టుకు ఫుల్‌బ్యాక్‌గా, అంటే వెనక వరుస డిఫెండర్‌గా ఆడినవాడిని కావడం వల్ల, ఈ కేంద్రం ఎలా నేర్పుతోందో తెలుసుకోవడానికి పాప ఆటకు మించిన ఆధారం నాకు కనిపించలేదు. ఇందులో మెచ్చుకోవలసిన వాటితో పాటు నొచ్చుకోవలసినవీ ఉన్నందున కేంద్రం పేరు రాయడం లేదు.

వారానికి నాలుగు రోజులు, ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా శిక్షణ ఉంటుంది. నెలకు 800 రూపాయల ఫీజు. స్టిక్, షిన్ ప్యాడ్లు, బూట్లు మనమే కొనుక్కోవాలి, బంతులు వాళ్లిస్తారు. మైదానం మట్టిది. సమయపాలన విషయంలో వంక పెట్టడానికి లేదు; వాన కురిసిన రోజున కూడా కోచ్ గారు గొడుగు వేసుకుని వచ్చి, పిల్లలను వరండాలో కూర్చోబెట్టి నిబంధనలు చెప్పేవారు.

నేర్పే పద్ధతిలో నన్ను మొదట ఆకట్టుకున్నది, డిఫెండర్ల చేతిలో మూడు వారాల పాటు స్టిక్ పెట్టకపోవడం. నేల మీద సున్నంతో రెండు గీతలు గీసి, ఆ గీతల మధ్య ఒక పిల్ల బంతితో ముందుకు వస్తుంటే, డిఫెండర్ చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, మోకాళ్లు వంచి, ఎడమ కాలు ముందు పెట్టి, ఆ పిల్ల ఎటు కదిలితే అటు వెనక్కి వెనక్కి నడవాలి. బంతి తీసుకోవడానికి వీల్లేదు, ముందుకు దూకడానికి వీల్లేదు. రెండో గీత చేరేలోపు ఎదురుగా వచ్చే పిల్లను పక్కకు మళ్లించగలిగితే చాలు. మా చెల్లెలు ఒకరోజు అది చూసి, "అన్నయ్యా, ఇంత డబ్బు పెట్టి కర్ర కొన్నాం, దీన్ని ముట్టుకోనివ్వరేంటి?" అని అడిగింది. నేను మాత్రం ఆ రోజే ఈ మనిషికి పని తెలుసు అనుకున్నాను. కొత్త డిఫెండర్లందరిదీ ఒకే జబ్బు. బంతి కనబడగానే స్టిక్ విసురుతారు, ఆ ఒక్క క్షణంలో ఫార్వర్డ్ పక్కనుంచి దాటిపోతుంది, ఆ తర్వాత ఎంత పరిగెత్తినా ఆమె వీపే కనిపిస్తుంది. కాళ్లకు ఓపిక నేర్పనిదే చేతికి స్టిక్ ఇవ్వకపోవడం సరైన పని.

ఇక ఆట విషయానికి వస్తాను. పాప పనితీరును గోల్స్‌తోనో, లాక్కున్న బంతుల లెక్కతోనో కొలిస్తే ఏమీ తెలియదని నాకు ముందే తెలుసు కాబట్టి, ఒక నోటు పుస్తకంలో మూడు విషయాలు మాత్రమే రాసుకుంటూ వచ్చాను. ఎదురొచ్చిన ఫార్వర్డ్ మైదానం మధ్యలోకి చొచ్చుకుపోయిందా, గీత వైపు మళ్లిందా అన్నది మొదటిది. బంతి గెలిచాక పాప ఇచ్చిన తొలి పాస్ ఎవరికి చేరిందన్నది రెండోది. బంతి మైదానానికి ఆ చివర ఉన్నప్పుడు ఈమె ఎక్కడ నిలబడి ఉందన్నది మూడోది. ఈ మూడోదాన్ని ఎవరూ చూడరు, ఎందుకంటే అందరి కళ్లూ బంతి వెంటే ఉంటాయి. కానీ బంతి అవతలి పక్కన ఉన్నప్పుడు ఈ పక్క బ్యాక్ తన గీతనే అంటిపెట్టుకుని ఉంటే గోలు ముందు నడివీధి అంత ఖాళీ ఏర్పడుతుంది. ఆమె మధ్యకు జరిగి, తన వైపు వింగర్ మీద, అంటే పక్కగీత వెంట దాడి చేసే ప్రత్యర్థి మీద, ఒక కన్నేసి ఉంచాలి.

మొదటి మ్యాచ్‌లో పాపను రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడించారు. రెండుసార్లు బంతి పాదానికి తగిలింది, రెండుసార్లూ డి లోపలే, అంటే గోలు ముందు గీసిన అర్ధవలయం లాంటి గీత లోపలే. ఫీల్డ్‌లో ఆడేవాళ్లు బంతిని కాలితో ఆపకూడదు. డి లోపల డిఫెండర్ ఆ తప్పు చేస్తే ప్రత్యర్థికి పెనాల్టీ కార్నర్, అంటే వెనక గీత నుంచి బంతిని అందించి గోలుకు కొట్టే అవకాశం వస్తుంది. రెండో కార్నర్ గోలైంది. ఆ మ్యాచ్‌లో తొలి పాస్‌లు కూడా సగానికి పైగా ప్రత్యర్థుల స్టిక్‌లకే వెళ్లాయి. అయినా నేను నిరాశపడలేదు, ఎందుకంటే పాదానికి తగిలిన ఆ రెండు బంతులకూ కారణం ఆమె సరైన చోట నిలబడి ఉండటమే. స్టిక్ నేలకు ఆనించి ఉంచకపోవడం ఒక్కటే లోపం. అది సాధనతో పోయే లోపం. రెండో మ్యాచ్‌కు పోయింది కూడా. రెండు, మూడు మ్యాచ్‌ల గురించి ప్రత్యేకంగా రాయవలసింది లేదు, నిలకడగా ఆడింది.

నాలుగో మ్యాచ్ శ్రీకాకుళంలో జరిగింది. అక్కడ కోచ్ గారు పాపను లెఫ్ట్ బ్యాక్‌కు మార్చారు. ఈ మార్పు ఎంత పెద్దదో హాకీ ఆడనివారికి చెప్పాలి. స్టిక్‌కు ఒకవైపే చదునుగా ఉంటుంది, ఆ వైపుతోనే బంతిని ఆడాలి. ఎడమచేతి వాటం వారికి వేరే స్టిక్ నిబంధనలు ఒప్పుకోవు. అందువల్ల ఎవరికైనా కుడి పక్క బలం, ఎడమ పక్క బలహీనత. రైట్ బ్యాక్‌కు పక్కగీత కుడివైపున ఉంటుంది కాబట్టి, ఎదురొచ్చేవారిని గీత వైపు మళ్లిస్తే బంతి తన బలమైన పక్కకే వస్తుంది, ఫార్వర్డ్‌కు మాత్రం అది రివర్స్ పక్క, అంటే స్టిక్‌ను తిప్పి ఆడవలసిన ఎడమ పక్క అవుతుంది. లెఫ్ట్ బ్యాక్‌కు ఇదంతా తలకిందులు. గీత ఎడమవైపున ఉంటుంది, ప్రత్యర్థి రైట్ వింగర్ బంతిని తన బలమైన పక్కన పెట్టుకుని దూసుకొస్తుంది, అడ్డుకునే స్టిక్‌ను మాత్రం రివర్స్‌లో, చాలాసార్లు ఒక్క ఎడమచేత్తోనే పెట్టాలి. ఆ రోజు వాళ్ల వింగర్ పాపను మూడుసార్లు దాటిపోయింది, అందులో ఒకటి గోలైంది. విరామంలో కోచ్ గారు ఆమెను బయట కూర్చోబెడతారనుకున్నాను. ఆయన అలా చేయలేదు. దగ్గరకు పిలిచి, "బంతి వైపు చూడకు తల్లీ, ఆ పిల్ల భుజం ఎటు వాలుతుందో చూడు, నువ్వు రెండడుగులు ముందే వెనక్కి తగ్గు" అని మాత్రం చెప్పి మళ్లీ అదే చోటికి పంపారు. మ్యాచ్ ఓడిపోయినా సరే పిల్లకు నేర్చుకునే వీలు ఇవ్వడం చిన్న విషయం కాదు. ఈ ఒక్క నిర్ణయానికే ఈ కేంద్రానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

తిరిగి వచ్చేటప్పుడు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కాక పాప చీపురుపల్లి దాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత, "మావయ్యా, ఆ అమ్మాయి ఎటు వెళ్తుందో నాకు ముందే తెలిసిపోతోంది, కాళ్లే లేటవుతున్నాయి" అంది. నాకు చాలా సంతోషం కలిగింది. ముందే తెలియడం ఎవరూ నేర్పలేనిది, కాళ్ల ఆలస్యం నేర్పగలిగినది.

ఐదో మ్యాచ్ చివరి క్వార్టర్‌లో మన జట్టు ఒక గోలు ఆధిక్యంలో ఉంది. ప్రత్యర్థి వింగర్ సెంటర్ గీత దగ్గర బంతి అందుకుని పాప మీదికి వచ్చింది. పాప ముందుకు రాలేదు. స్టిక్‌ను నేల మీద రాస్తూ, ఐదారు అడుగులు వెనక్కి తగ్గుతూ, లోపలి దారిని ఒంటితో మూసి, గీత పక్కన మాత్రం ఒక సందు వదిలింది. వింగర్ ఆ సందులోకే వచ్చింది. 23 మీటర్ల గీత దగ్గర, పాస్ ఇవ్వడానికి ఆమె తల పైకెత్తిన క్షణంలో పాప ఎడమచేత్తో స్టిక్‌ను ముందుకు పొడిచి వెంటనే వెనక్కి లాక్కుంది. బంతి పక్కగీత దాటి బయటకు దొర్లింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు, నా పక్కన నిలబడిన ఒక తండ్రి ఫోన్ చూసుకుంటున్నారు. ఆరు మ్యాచ్‌లలో ఆమె ఆడిన ఆటలో అదే అన్నింటికంటే మంచి ఆట అని నా పుస్తకంలో రాసుకున్నాను.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. ఈ కేంద్రం నెలకోసారి తల్లిదండ్రులకు ఒక ప్రగతి కార్డు ఇస్తుంది. అందులో గోల్స్, గోల్స్‌కు ఇచ్చిన పాస్‌లు, పరుగు వేగం, గెలిచిన ట్యాకిల్స్ అనే నాలుగు గళ్లు ఉంటాయి, ముందు వరుసలో ఆడినా వెనక ఆడినా అవే గళ్లు. ఐదో మ్యాచ్ తర్వాత వచ్చిన కార్డులో పాపకు పదికి నాలుగు వేశారు. మా బావగారు అది చూసి మళ్లీ ఫార్వర్డ్‌గానే ఆడించమని అడుగుదామన్నారు. నేను వెళ్లి కోచ్ గారిని కలిస్తే, "మీరు చెప్పింది నిజమేనండి, కార్డు ఆఫీసులో వేస్తారు, నన్ను అడగరు" అని బాధపడ్డారు. మైదానంలో అంత శ్రద్ధగా నేర్పే చోట, ఇంటికి పంపే కాగితం ఆ శ్రమనంతా చెరిపేయడం అన్యాయం. మన ఇచ్ఛాపురం దాటగానే వచ్చే ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా దిలీప్ తిర్కీని, లాజరస్ బార్లాను, అమిత్ రోహిదాస్‌ను, దీప్ గ్రేస్ ఎక్కాను ఇచ్చింది, నలుగురూ డిఫెండర్లే. దిలీప్ తిర్కీ దేశం తరఫున 412 మ్యాచ్‌లు ఆడారు. టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో మన అమ్మాయిలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించినప్పుడు ఆ ఒక్క గోలు కొట్టిన గుర్జీత్ కౌర్ కూడా డిఫెండరే. ఆ ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడింది వెనక వరుసా, గోల్‌కీపర్ సవితా. ఇలాంటి వారికి ఈ కార్డు ఎన్ని మార్కులు వేసేదో ఆఫీసువారు ఆలోచించాలి.

రెండో ఫిర్యాదు ఇంకా తీవ్రమైనది. పెనాల్టీ కార్నర్ అప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు మాత్రమే వెనక గీత దగ్గర నిలబడి కాపు కాస్తారు, మిగతావారు సెంటర్ గీత అవతలికి వెళ్లిపోవాలి. ఆ ఐదుగురిలో కీపర్‌కు హెల్మెట్ ఉంటుంది, మిగిలిన నలుగురికీ ఫేస్ మాస్క్ కావాలి. ఈ కేంద్రంలో ఉన్న మాస్కులు రెండే, అందులో ఒకదాని ఎలాస్టిక్ సాగిపోయింది. మూడో మ్యాచ్‌లో పాప మొదటి రషర్‌గా, అంటే కొట్టేవారి మీదికి నేరుగా పరిగెత్తే మనిషిగా, ఆ వదులు మాస్క్‌ను ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తింది. బంతి 156 నుంచి 163 గ్రాముల బరువుంటుంది, రాయిలా గట్టిది. పిల్లల ముఖాలతో ఈ నిర్లక్ష్యం పనికిరాదు. కార్నర్ కాపలాను శిక్షణలో కూడా వారానికి పది నిమిషాలకు మించి చేయించడం లేదు; పాప ఆటలో ఇప్పటికీ అన్నింటికంటే బలహీనమైన భాగం అదే, ఆ తప్పు పాపది కాదు.

స్టిక్ ఎత్తడం గురించి మాత్రం కోచ్ గారు చాలా కఠినంగా ఉంటారు, అది మంచిదే. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో అమిత్ రోహిదాస్ స్టిక్ బ్రిటన్ ఆటగాడి ముఖానికి తగిలి రెడ్ కార్డు రావడం, ఆ తర్వాత నలభై నిమిషాలకు పైగా పదిమందితోనే మన జట్టు పోరాడి షూటౌట్‌లో గెలవడం ఆయన వరండా పాఠంలో పిల్లలకు బొమ్మ గీసి చెప్పారు. ఒక డిఫెండర్ తగ్గితే మిగిలినవారు ఎలా సర్దుకోవాలో ఆ బొమ్మలోనే నేర్పారు.

మట్టి మైదానం గురించి కేంద్రాన్ని తప్పుపట్టలేను, టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి వేయడం వాళ్ల స్తోమతకు మించిన పని. కానీ చేర్పించేవారు తెలుసుకోవాలి: మట్టి మీద బంతి ఎగురుతుంది, అందుకే పిల్లలు ఆపడంలో జాగ్రత్త బాగా నేర్చుకుంటారు, టర్ఫ్ మీది వేగానికి మాత్రం అలవాటు పడరు. ఆరో మ్యాచ్ వాన తర్వాత బురదలో జరిగింది, దాన్నిబట్టి పాపను అంచనా వేయడం లేదు. అయినా బంతి అవతలి పక్కన ఉన్న ప్రతిసారీ ఆమె మధ్యకు జరిగే ఉంది, అది రాసుకున్నాను.

నా లెక్కలో శిక్షణకు ఐదుకు నాలుగున్నర, సామగ్రికి ఒకటిన్నర, ఆ ప్రగతి కార్డుకు సున్నా. కూతురినో కొడుకునో డిఫెండర్‌గా చూడాలనుకునేవారు నిస్సంకోచంగా చేర్పించవచ్చు, మాస్క్ మాత్రం ఇంటినుంచే పంపండి. మేము వచ్చే మూడు నెలల ఫీజు కట్టేశాం. బావగారికి నా నోటు పుస్తకం ఇచ్చాను; రాత్రి భోజనమయ్యాక మొదటి పేజీ నుంచి చదివి, ఆదివారం మ్యాచ్ ఎన్ని గంటలకని అడిగారు. పాప లెఫ్ట్ బ్యాక్‌గానే ఆడతానని కోచ్ గారికి చెప్పిందట.