టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్: క్యాజువాలిటీలో వాడుతున్న డాక్టరుగా నా రివ్యూ

మా ఆసుపత్రిలో క్యాథ్ ల్యాబ్, అంటే యాంజియోగ్రామ్, యాంజియోప్లాస్టీ చేసే గది, లేదు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి వచ్చినవాళ్లను రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీకి చేర్చలేమనిపిస్తే, గడ్డ కరిగించే మందు మేమే ఇచ్చి పంపాలి. ఆ మందుల్లో నాకు బాగా నమ్మకం కుదిరింది టెనెక్టెప్లేస్ మీదే.

అంతకుముందు స్ట్రెప్టోకైనేజ్ వాడేవాళ్లం. దాన్ని తీసిపారేయను. 1988 నాటి ఐసిస్-2 అధ్యయనంలో ఆ మందూ ఆస్పిరినూ రెండూ అందనివాళ్లలో అయిదు వారాల్లో 13.2 శాతం మంది గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోతే, రెండూ అందినవాళ్లలో 8 శాతమే. కానీ 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంటసేపు ఎక్కించాలి. మధ్యలో బీపీ పడిపోయేది. డ్రిప్ ఆపడం, కాళ్లు ఎత్తిపెట్టడం, సెలైన్ వదలడం, మళ్లీ మొదలుపెట్టడం... అక్కడ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది.

టెనెక్టెప్లేస్ అయితే బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, ఒకే దఫా, 5 సెకన్లలో నరంలోకి వెళ్లిపోతుంది. 75 ఏళ్లు దాటితే సగం డోసు ఇస్తాం. పొడిలో నీళ్లు కలిపాక వయల్‌ను గట్టిగా కుదిపితే నురగొస్తుంది, మెల్లగా తిప్పాలి. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కుతున్న లైన్లో ఇవ్వకూడదు, ముందు సెలైన్‌తో ఫ్లష్ చేయాల్సిందే.

గంట, గంటన్నరకు మళ్లీ ఈసీజీ తీస్తాం. ఈ గుండెపోటులో ఈసీజీ గీతలో ఎస్టీ అనే భాగం పైకి లేస్తుంది. అది సగానికి సగం దిగి, "సార్, గుండెల మీద బరువు తగ్గింది" అని పేషెంటు అంటే నాకూ ఊపిరి తిరుగుతుంది. దిగకపోతే ఆ క్షణమే అంబులెన్స్. దిగినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయించాలి. నొప్పి పోయింది కదా, ఇంటికెళ్తామనేవాళ్లను మాత్రం నేను ఒప్పుకోను.

భయపడాల్సింది ఒకటుంది. వందలో దాదాపు ఒకరికి మెదడులో రక్తస్రావం అవుతుంది. అందుకే పాత రక్తస్రావం, ఈమధ్య వచ్చిన పక్షవాతం, తలకు దెబ్బ, ఆపరేషన్ గురించి అడక్కుండా సిరంజి పట్టను. ఈసీజీలో ఎస్టీ పైకి లేవకుండా వచ్చే గుండెపోటుకు ఇది ఇవ్వకూడదు, మేలుకన్నా కీడే ఎక్కువ.

నొప్పి మొదలైన రెండు మూడు గంటల్లో ఇస్తే దక్కే కండరం, ఆలస్యమైన కొద్దీ దక్కదు. 12 గంటలు దాటాక మామూలుగా ఇవ్వం. చీటీ రాసిచ్చి బంధువులను మందుల షాపుకు పంపే పద్ధతి చూస్తే నాకు కోపమొస్తుంది. ఈ వయల్ ఉండాల్సింది క్యాజువాలిటీ అల్మరాలోనే.