యూరోలీగ్: గ్రూపుల పద్ధతి మేలా, అందరితో అందరూ ఆడడం మేలా?

ఐరోపా అగ్రశ్రేణి బాస్కెట్‌బాల్ క్లబ్బులు తలపడే యూరోలీగ్ 2016–17 సీజన్‌లో రూపు మార్చుకుంది. అంతకుముందు ఏడాది 24 జట్లు ఆరేసి చొప్పున నాలుగు గ్రూపులుగా ఆడాయి. గ్రూపుకు నాలుగేసి జట్లు రెండో దశకు చేరి, అక్కడ ఎనిమిదేసి జట్ల రెండు గ్రూపుల్లో మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాయి. కొత్త పద్ధతిలో 16 జట్లకే చోటు దక్కింది. ప్రతి జట్టూ మిగిలిన పదిహేనింటితోనూ ఇంటా బయటా ఒక్కోసారి, మొత్తం 30 మ్యాచ్‌లు ఆడింది.

న్యాయం మాట వస్తే కొత్త పద్ధతిదే పైచేయి. 2015–16లో రియల్ మాడ్రిడ్, ఫెనర్‌బాచె, ఖిమ్కి, బయర్న్ మ్యూనిక్ ఒకే గ్రూపులో పడ్డాయి. ఎవరికి కఠినమైన దారి, ఎవరికి సులువైన దారి అన్నది చాలావరకు గ్రూపులను తేల్చే లాటరీ (డ్రా) చేతిలోనే ఉండేది. పైగా అక్టోబరులో చెమటోడ్చి సాధించిన గెలుపు జనవరికి లెక్కలోకే వచ్చేది కాదు. 30 మ్యాచ్‌ల పట్టికలో ఏ గెలుపూ వృథా కాదు. 2016–17లో అయిదో స్థానంలో నిలిచిన ఫెనర్‌బాచె మొదటి నాలుగింటిలో లేని ఆ లోటుకు మూల్యంగా, మూడు గెలుపులు కావాల్సిన ప్లేఆఫ్‌లో (లీగ్ దశ తరువాతి నాకౌట్ పోరు) మొదటి రెండు మ్యాచ్‌లను పానథినైకోస్‌తో ఏథెన్స్‌లో ఆడాల్సివచ్చింది. రెండూ గెలిచి, మూడోదీ గెలిచి, పట్టికలో అగ్రస్థానంలో ఉన్న రియల్ మాడ్రిడ్‌ను సెమీఫైనల్లోనూ, ఒలింపియాకోస్‌ను 80–64తో ఫైనల్లోనూ ఓడించింది. సెమీఫైనళ్లు, ఫైనల్ ఒకే చోట జరిగే ఫైనల్ ఫోర్ మాత్రం వారి సొంత నగరం ఇస్తాంబుల్‌లోనే జరిగింది. పట్టికకు ఆ విషయంలో ప్రమేయం లేదు.

అయితే పాత పద్ధతి తలుపులు బాగా తెరిచి ఉంచేది. పోలండ్‌లోని జెలోనా గూరా, ఇటలీలోని సస్సారి వంటి చిన్న ఊళ్ల క్లబ్బులు 2015–16లో పెద్దవాటి సరసన ఆడగలిగాయి. 2016 తరువాత 11 స్థానాలు దీర్ఘకాలిక లైసెన్సులున్న (అంటే ఏటా చోటు ఖాయమైన) క్లబ్బులవే కాగా, మిగతావారికి అయిదే మిగిలాయి.

ఇక అలసట సంగతి. పాత పద్ధతిలో ఫైనల్ చేరే జట్టు గరిష్ఠంగా 31 మ్యాచ్‌లు ఆడేది, కొత్తదానిలో అది 37కు చేరింది. దేశవాళీ లీగ్ మ్యాచ్‌లు వీటికి అదనం. 2025–26లో 20 జట్లతో లీగ్ దశ ఒక్కటే 38 మ్యాచ్‌లకు పెరగడం నా దృష్టిలో హద్దు మీరడమే. ఈ మూడింటిలో 16 జట్ల సీజనే మేలు. కాకుంటే ఆ అయిదు స్థానాలను ఎనిమిది చేసి, దేశవాళీ విజేతలకు ఇవ్వాల్సింది.