రోటాక్స్ 912 యూఎల్‌ఎస్: ఇంజిన్‌కి వంక పెట్టలేం, బిగించేవాళ్లకే పరీక్ష

మైక్రోలైట్ అయినా, రెండు సీట్ల లైట్ స్పోర్ట్ విమానం అయినా, 100 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అనగానే ముందు వినిపించే పేరు ఇదే. ఆస్ట్రియాలోని గున్స్‌కిర్ఖెన్‌లో తయారవుతుంది. 1989లో వచ్చిన 80 హెచ్‌పీ 912కి ఇది తమ్ముడు. 1990ల చివర్లో వచ్చింది. ఆ 80 హెచ్‌పీ అన్న మన దేశంలోనూ బాగా తిరుగుతున్నాడు. 2015లో వాయుసేన, నౌకాదళం, ఎన్‌సీసీ కోసం ఆర్డర్ చేసిన 194 పిపిస్ట్రెల్ వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 విమానాల్లో ఉన్నది ఆ ఇంజినే.

యూఎల్‌ఎస్‌లో 84 మి.మీ. బోర్, 61 మి.మీ. స్ట్రోక్, మొత్తం 1352 సీసీ. నాలుగు సిలిండర్లు ఎదురెదురుగా అడ్డంగా పడుకుని ఉంటాయి. బారెళ్లను గాలి చల్లబరుస్తుంది, హెడ్లను కూలెంట్ చల్లబరుస్తుంది. 5800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పూర్తి పవర్ ఇస్తుంది గానీ అది 5 నిమిషాలకే. ఆ తర్వాత ఎంతసేపైనా 5500. మధ్యలో 2.43 నిష్పత్తి గేర్‌బాక్స్ ఉంది కాబట్టి ఇంజిన్ 5500 తిరిగినప్పుడు ప్రొపెల్లర్ 2260 చుట్టుపక్కలే తిరుగుతుంది. పాత సెస్నాల మీద చేయి తిరిగిన పైలట్లు ఇక్కడే తికమకపడతారు. టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు చూపే మీటర్) 5000 చూపగానే భయపడి థ్రాటిల్ వెనక్కి లాగుతారు. స్వభావంలో ఇది మోటార్‌సైకిల్ ఇంజిన్‌కి దగ్గర. తిరగనిస్తేనే సుఖంగా ఉంటుంది. క్రూజ్‌లో 5000 దగ్గర నడిపితే గంటకు 18 నుంచి 20 లీటర్లు తాగుతుంది.

ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) గడువు 2000 గంటలు లేదా 15 ఏళ్లు, ఏది ముందైతే అది. సరిగ్గా బిగించి, సరైన ద్రవాలు పోస్తే అక్కడిదాకా వెళ్తుంది. మధ్యలో మొరాయించిన ఇంజిన్లను విప్పి చూస్తే ఎక్కువసార్లు తప్పు లోహంలో దొరకదు. ఆయిల్ లైన్లోనో, పెట్రోల్‌లోనో, కార్బ్యురేటర్ దగ్గరో దొరుకుతుంది. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా వాటికే పోతుంది.

ముందు ఆయిల్. ఇంజిన్ అడుగున ఆయిల్ పాన్ ఉండదు. దాదాపు 3 లీటర్ల ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. పంపు ఆ ట్యాంకు నుంచి, కూలర్ మీదుగా, ఆయిల్‌ను పీల్చుకుంటుంది. పని అయ్యాక ఆయిల్ క్రాంక్‌కేస్ అడుగుకి జారుతుంది. అక్కడి నుంచి ట్యాంకుకు తిరిగి పంపడానికి ఇంకో పంపు లేదు. పిస్టన్ల పక్క నుంచి జారే గ్యాస్ ఒత్తిడే దాన్ని వెనక్కి నెడుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మాన్యువల్‌లోని సగం హెచ్చరికలు వాటంతటవే అర్థమవుతాయి. ట్యాంకు వెంట్ పైపు (గాలి బయటకు పోయే గొట్టం) మడత పడకూడదు, మూసుకుపోకూడదు. ట్యాంకు మరీ పైన పెడితే ఆయిల్ ఇంజిన్లోకి జారిపోతుంది, మరీ కింద పెడితే పంపు పీల్చలేదు.

పీల్చే వైపు హోస్‌లో లీకు ఉంటే నేల మీద ఆయిల్ మరక కనిపించదు. బయటి గాలి లోపలికి పోతుంది. ఆర్‌పీఎం పెంచినప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు ఊగుతుంటే గేజ్‌నో సెన్సర్‌నో తిట్టే ముందు ఈ లైన్ చూడండి. లోపలి వ్యాసం కనీసం 11 మి.మీ. ఉండాలి. పంపు ముందు సక్షన్ 0.3 బార్ దాటకూడదు. కౌలింగ్‌లో (ఇంజిన్‌ను కప్పే తొడుగులో) చోటు లేదని ఒకదాని వెనక ఒకటి 90 డిగ్రీల ఎల్బోలు పెట్టిన ఇన్‌స్టలేషన్లు ఈ పరీక్షలోనే తప్పుతాయి. కొత్తగా బిగించాక ఒకసారి వాక్యూమ్ గేజ్ పెట్టి కొలిస్తే తర్వాత అనుమానం ఉండదు.

కొత్త ఇంజిన్ బిగించినా, ఆయిల్ లైన్లు ఊడదీసినా, గాలి తీయకుండా స్టార్ట్ చేయకూడదు. ప్రతి సిలిండర్ నుంచి పైన ఉన్న ప్లగ్ తీయాలి. ట్యాంకు దగ్గర రిటర్న్ లైన్ ఊడదీసి, ట్యాంకు వైపు రంధ్రం మూయాలి. వెంట్ ద్వారా ట్యాంకులోకి 1 బార్ మించకుండా గాలి ఒత్తిడి పెట్టి, ప్రెషర్ గేజ్ కదిలేదాకా ప్రొపెల్లర్‌ను తిరిగే దిశలోనే చేత్తో తిప్పాలి. మామూలుగా 20 చుట్లలో వస్తుంది, ఒక్కోసారి ఎక్కువ పడుతుంది. ట్యాంకు మూత తీసే ముందు ఒత్తిడి నెమ్మదిగా వదలాలి, లేకపోతే ఆయిల్ ముఖాన పడుతుంది. ఆ తర్వాత వాల్వ్ కవర్లు తీసి, పిస్టన్ పైకి వచ్చిన చోట వాల్వ్‌ను నొక్కే రాకర్‌ను, దాన్ని కదిలించే పుష్‌రాడ్ వైపు నొక్కి చూడాలి. 0.5 మి.మీ. కంటే ఎక్కువ దిగితే పుష్‌రాడ్ కింద ఆయిల్‌తో నిండి ఉండే హైడ్రాలిక్ టాపెట్‌లో గాలి ఇంకా ఉన్నట్టే. దాన్ని వదిలేసి నడిపితే వాల్వ్ ట్రైన్ దెబ్బతింటుంది. ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పవద్దని పదేపదే చెప్పేదీ ఇందుకే: పంపు కూడా వెనక్కి తిరిగి గాలిని లోపలికి లాగుతుంది.

రోజువారీ లెవల్ చూడటానికి ముందు ఇగ్నిషన్ రెండూ ఆఫ్ చేసి, ట్యాంకులో గుడగుడమనే శబ్దం వచ్చేదాకా ప్రొపెల్లర్ తిప్పాలి. అది వినకుండా డిప్‌స్టిక్ చూస్తే లెవల్ తక్కువ కనిపిస్తుంది, ఆయిల్ పోసేస్తారు, అది వెంట్ నుంచి విమానం పొట్ట కిందకి కక్కుతుంది. డిప్‌స్టిక్ మీద కనీస, గరిష్ఠ గీతల మధ్య తేడా 0.45 లీటరే.

ఏ ఆయిల్? మామూలు విమాన పిస్టన్ ఇంజిన్ ఆయిల్ వద్దు, గేర్లకు కావలసిన సంకలితాలు అందులో ఉండవు. కారు ఆయిల్ కూడా వద్దు, ఫ్రిక్షన్ తగ్గించే సంకలితాల వల్ల గేర్‌బాక్స్‌లోని ఓవర్‌లోడ్ క్లచ్ జారుతుంది. ఏరోషెల్ స్పోర్ట్ ప్లస్ 4 దీనికోసమే తయారైంది, వెతుక్కోనవసరం లేదు. మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూడటం, మాగ్నెటిక్ ప్లగ్ తీసి చూడటం తప్పనిసరి. సన్నని బూడిదలాంటి ముద్ద పర్వాలేదు. చేతికి తగిలే రేకులు ఉంటే విమానం ఎగరకూడదు.

ఇక పెట్రోల్. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఇంజిన్‌కి అసలు చిక్కు ఇక్కడుంది. యూఎల్‌ఎస్‌కి కనీసం 95 ఆక్టేన్ కావాలి. బంకులో దొరికే మామూలు పెట్రోల్ చాలాకాలం 91గానే ఉండేది. 80 హెచ్‌పీ రకానికి 90 చాలు గానీ దీనికి చాలదు. కంప్రెషన్ ఎక్కువ కాబట్టి డిటోనేషన్ (పెట్రోల్ మండాల్సింది పోయి పేలడం) వచ్చి పిస్టన్లు పోతాయి. పైగా రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే, బంకుల్లోనేమో 20 శాతం కలిసిన పెట్రోల్ వచ్చేసింది. ప్రీమియం పేరుతో అమ్మే 95, 100 ఆక్టేన్ పెట్రోల్ కొన్నా ప్రతి లోడూ పరీక్షించాల్సిందే. గీతలున్న గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి, మూసి బాగా కుదిపి, పది నిమిషాలు ఆగండి. అడుగున నీటి మట్టం 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 19కి చేరితే దాదాపు 10 శాతం ఉన్నట్టు. అంతకు పైన ఉంటే ఆ డబ్బా స్కూటర్‌కి వాడుకోండి.

ఇంకో దారి ఏవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్, అంటే సీసం కలిసిన విమాన పెట్రోల్. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ దాన్ని ఇక్కడే తయారు చేస్తోంది. ఆక్టేన్, ఇథనాల్ గొడవలు రెండూ పోతాయి, సీసం మాత్రం మిగులుతుంది. అది ప్లగ్‌ల మీద, వాల్వ్ సీట్ల మీద పేరుకుంటుంది; ఆయిల్‌లో కలిసి ట్యాంకు అడుగునా గేర్‌బాక్స్‌లోనూ బురదలా దిగుతుంది. నడిపిన సమయంలో 30 శాతం మించి ఏవ్‌గ్యాస్ మీదే అయితే ఆయిల్‌ను 25 గంటలకు మార్చాలి. ఈ ఖర్చు లెక్కలో వేసుకోకుండా లీటరు ధర మాత్రమే పోల్చేవాళ్లు తర్వాత గేర్‌బాక్స్ బిల్లు చూసి కంగుతింటారు.

విజయవాడ, రామగుండం ఎండల్లో వేపర్ లాక్ (పెట్రోల్ ఆవిరి పైపును అడ్డుకోవడం) గురించి ముందే ఆలోచించాలి. దిగి, ఇంజిన్ ఆపి, పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేస్తే కౌలింగ్ లోపలి వేడికి పైపుల్లోని పెట్రోల్ ఆవిరై ఉంటుంది. దీనికి మందు రిటర్న్ లైన్: 0.35 మి.మీ. రంధ్రమున్న జెట్‌తో పెట్రోల్ కొద్దికొద్దిగా ట్యాంకుకు తిరిగి వెళ్తూ, చల్లటిది వస్తూ ఉండాలి. చాలా సొంత ఇన్‌స్టలేషన్లలో బరువు మిగులుతుందని దీన్నే ఎగ్గొడతారు. పెట్రోల్ హోస్‌లకు ఫైర్ స్లీవ్ వేయాలి, సైలెన్సర్ పక్క నుంచి పోనివ్వకూడదు. ప్రెషర్ 0.15 నుంచి 0.4 బార్ మధ్య ఉండాలి. అదనపు ఎలక్ట్రిక్ పంపు ఎక్కువ ప్రెషర్‌ది పెడితే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ మట్టాన్ని బట్టి తేలే ఫ్లోట్ సూది దాన్ని ఆపలేదు, కార్బ్యురేటర్ పొంగుతుంది.

బింగ్ 64 కార్బ్యురేటర్లు రెండు, ఒక్కొక్కటి రెండు సిలిండర్లకు. రెండూ సమానంగా తెరుచుకోకపోతే ఇంజిన్ వణుకుతుంది, ఆ వణుకంతా గేర్‌బాక్స్ మింగుతుంది. ముందు కేబుళ్లు, స్టాప్ స్క్రూలు చేత్తో సరిచేసి, తర్వాత రెండింటినీ కలిపే గొట్టం తీసి వాక్యూమ్ గేజ్‌లు తగిలించి ఐడిల్‌లోనూ (థ్రాటిల్ మూసి నడిచేటప్పుడు), 2500 పైనా ముళ్లు రెండూ ఒకేచోట ఉండేలా చూడాలి. ఐడిల్ ఒక్కటే సింక్ చేసి వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. థ్రాటిల్ స్ప్రింగ్ తెరిచే వైపు లాగుతుందని గుర్తుంచుకోండి: కేబుల్ తెగితే ఆ కార్బ్యురేటర్ ఫుల్ పవర్‌కి వెళ్తుంది, ఆగదు.

ఫ్లోట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని తయారీల్లో అవి పెట్రోల్ పీల్చుకుని బరువెక్కి మునిగాయి. కంపెనీ సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. ఐడిల్ గరుకుగా ఉన్నా, వెంట్ పైపు నుంచి పెట్రోల్ కారినా గిన్నె విప్పి రెండు ఫ్లోట్లూ కలిపి తూచండి. 7 గ్రాములు దాటితే పారేయండి. నగల కొట్టు త్రాసు చాలు. కార్బ్యురేటర్ల కింద డ్రిప్ ట్రేలు ఉండాలి, వాటి పైపు సైలెన్సర్‌కి దూరంగా బయటకు రావాలి. పట్టి ఉంచే రబ్బరు ఫ్లాంజ్‌లకు పగుళ్లు వస్తాయి. పెద్ద ఎయిర్ ఫిల్టర్ వేలాడదీసి ఆధారం ఇవ్వకపోతే ఇంకా త్వరగా.

కూలింగ్ పెద్దగా ఏడిపించదు. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అన్నిటికంటే పైన. హెడ్ ఉష్ణోగ్రత హద్దు పాత హెడ్లలో 135 డిగ్రీలు, కొత్తవాటిలో కూలెంట్‌నే కొలుస్తారు, 120 హద్దు. కరెంటు వైపు 250 వాట్ల జనరేటర్ కాస్త బలహీనమే. రెగ్యులేటర్‌ను ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) ఇంజిన్ వైపు వేడిలో బిగిస్తే కాలిపోతుంది, చల్లగాలి తగిలే చోట పెట్టండి. 22,000 మైక్రోఫారాడ్ కెపాసిటర్ మానవద్దు.

స్టార్టింగ్‌లో రెండు మాటలు. చోక్ పనిచేయాలంటే థ్రాటిల్ పూర్తిగా మూసి ఉండాలి; కొంచెం తెరిస్తే చోక్ లేనట్టే. బ్యాటరీ బలహీనంగా ఉంటే ప్రయత్నించవద్దు. ఇంజిన్ వెనక్కి తన్నుతుంది, ఆ దెబ్బ స్టార్టర్ స్ప్రాగ్ క్లచ్‌కి (ఒకవైపే తిరిగే క్లచ్) తగులుతుంది. 10 సెకన్లు తిప్పి రెండు నిమిషాలు ఆగాలి. పట్టుకున్నాక 10 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే ఆపేయాలి. 2000 దగ్గర రెండు నిమిషాలు, తర్వాత ఆయిల్ 50 డిగ్రీలు చేరేదాకా 2500. రెండు ఇగ్నిషన్లనూ ఒక్కోటిగా ఆపి చూసే చెక్ 4000 దగ్గర: ఒక్కోదానికి తగ్గుదల 300, రెండింటి మధ్య తేడా 115-120 దాటకూడదు. ఎగిరేటప్పుడు ఆయిల్ 90-110 మధ్య ఉంటే బాగు. రోజూ ఒకసారైనా 100 తాకితే లోపలి తేమ ఆవిరైపోతుంది.

ప్రొపెల్లర్ కోణం ఎక్కువ పెట్టి, ఫుల్ థ్రాటిల్‌లోనూ 5200 దాటనివ్వకపోతే ఇంజిన్‌ను నలిపేస్తున్నట్టే. లెవల్ ఫ్లైట్‌లో ఫుల్ థ్రాటిల్ ఇస్తే 5500 పైకి రావాలి.

పోటీలో జబీరు 2200 ఉంది: గేర్‌బాక్స్ లేదు, రేడియేటర్ లేదు, 3300 దగ్గర 85 హెచ్‌పీ. బిగించడం తేలిక, విప్పడం ఇంకా తేలిక. కానీ గాలి డక్టులు కొంచెం తేడా వస్తే హెడ్లు వేడెక్కుతాయి, మన ఎండలో ఇది చిన్న విషయం కాదు. ఇంజెక్షన్ ఉన్న 912 ఐఎస్ పెట్రోల్ తక్కువ తాగుతుంది, సింక్ చేసే పనీ ఉండదు. దానికి బదులు కరెంటు పోతే ఇంజినూ పోతుంది, డయాగ్నసిస్‌కి సాఫ్ట్‌వేర్ కావాలి. ఊరికి దూరంగా, ఉన్న పనిముట్లతో నడిపేవాళ్లకి యూఎల్‌ఎస్‌నే ఎంచుకోమంటాం.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు గంటల కంటే ముందు వయసు అడగండి. అయిదేళ్లకొకసారి రబ్బరంతా మార్చాలి: పెట్రోల్, ఆయిల్, కూలెంట్ హోస్‌లు, ఫ్లాంజ్‌లు, కార్బ్యురేటర్ డయాఫ్రమ్‌లు, పెట్రోల్ పంపు. 200 గంటలే నడిచి పన్నెండేళ్లు షెడ్డులో ఉన్న ఇంజిన్ చవకబేరం కాదు. క్రాంక్‌షాఫ్ట్‌ను లాకింగ్ స్క్రూతో బంధించి గేర్‌బాక్స్ ఫ్రిక్షన్ టార్క్ (లోపలి క్లచ్ జారడానికి కావలసిన బలం) చూడండి. ప్రొపెల్లర్ రెక్కపై మధ్య నుంచి 60 సెం.మీ. దూరంలో స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే, 6 కిలోలు చూపితే దాదాపు 35 న్యూటన్ మీటర్లు. 25 నుంచి 60 మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే గేర్‌బాక్స్ విప్పే ఖర్చు ధరలో తగ్గించుకుని మాట్లాడండి, సీరియల్ నంబర్‌కి పెండింగ్‌లో ఉన్న బులెటిన్ల జాబితా చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.