పిల్లల మెసేజీలకు కాపలా కాస్తుందని చెప్పే యాప్‌కు డబ్బు కట్టేముందు ఇది చదవండి

పిల్లల ఫోనుకు వచ్చే ప్రతి మెసేజీనీ చదివి, ప్రమాదం కనిపిస్తే తల్లిదండ్రులకు వెంటనే కబురు పంపుతుందని చెప్పి అమ్మే ఒక యాప్‌కు నేను ఏడాది చందాగా 2,399 రూపాయలు కట్టాను. మా అమ్మాయికి నిజంగా ప్రమాదం వచ్చిన రోజున ఆ యాప్ దాన్ని పట్టుకోలేదు సరికదా, నా బ్యాంకు ఓటీపీలతో సహా ఆ ఫోనులో కనిపించినవన్నీ తన సర్వరుకు చేర్చుకుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న తెలుగు కుటుంబాల వాళ్లు ముఖ్యంగా దీన్ని గమనించాలని కోరుతున్నాను. ఎందుకంటే ఇలాంటి యాప్ ఎక్కడైనా పనిచేస్తుందేమో గానీ, మన పిల్లలు రాసుకునే భాష దగ్గర మాత్రం పూర్తిగా విఫలమవుతుంది.

మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి చదువుతోంది. వాట్సాప్ వాడడానికి కనీస వయసు 13 ఏళ్లని తెలిసి కూడా, ట్యూషన్ నోట్సు అంతా గ్రూపులోనే పెడుతున్నారన్న కారణంతో పాత ఫోను ఒకటి ఇచ్చాను. అది నేను చేసిన తప్పు. మా వారు విశాఖలో ఉద్యోగం చేస్తారు, నేను ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. మధ్యలో ఆ రెండు మూడు గంటల బెంగ తీరుతుందని ఆ ప్రకటన చూసి నమ్మాను.

మూడో నెలలో ఒక శనివారం పాతపట్నం నుంచి మా మేనకోడలు వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక ఆ పిల్ల నన్ను పెరట్లోకి పిలిచి, "అత్తా, చెల్లి భయపడుతోంది, ఒకసారి ఫోను చూడు" అంది. బడి యూనిఫాంలో ఉన్న ఎవరో అమ్మాయి ఫొటో పెట్టుకున్న నంబరు అది, ట్యూషన్ గ్రూపులోంచే పట్టుకున్నారు. పది రోజులుగా స్నేహంగా మాట్లాడి, ఆ వేళ మధ్యాహ్నం "నీ ఫొటో ఒకటి పంపు, అమ్మకు మాత్రం చెప్పకు" అని రాశారు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు, మధ్యమధ్య ఒడియా. అక్కడే నిలబడి నా ఫోనులో యాప్ తెరిచి చూశాను. ఆ రోజు నివేదికలో ఆకుపచ్చ వలయం, దాని కింద "ఈ రోజు అంతా సురక్షితం" అన్న మాట. ఆ తెర ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

మర్నాడు ఆ యాప్‌ను నేనే పరీక్షించాను. నా ఫోను నుంచి పాప ఫోనుకు అదే వాక్యాన్ని ఇంగ్లిషులో పంపితే నిమిషంలో హెచ్చరిక వచ్చింది. హిందీలో పంపితే ఒకసారి వచ్చింది, మరోసారి రాలేదు. తెలుగు లిపిలో, ఇంగ్లిషు అక్షరాల తెలుగులో, ఒడియాలో ఎన్నిసార్లు పంపినా ఏమీ రాలేదు. అంతకు ముందు నెలలో మాత్రం, లెక్కల పరీక్ష తనను చంపేస్తుందని పాప స్నేహితురాలు ఇంగ్లిషులో రాసిన మాటకు ఎర్ర హెచ్చరిక పంపి నన్ను ఆఫీసులో హడలగొట్టింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ ఆ రెండింటినీ ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాసే పిల్లలు మన జిల్లాల్లో ఇంటింటా ఉన్నారు. ఏ ఏ భాషల్లో పనిచేస్తుందో ప్రకటనలో ఎక్కడా లేదు. నేనూ అడగలేదు. మీరు తప్పకుండా అడగండి, ఉచిత గడువులోనే పై విధంగా పరీక్షించి చూడండి.

ఇక ఆ యాప్ మెసేజీలను చదివే పద్ధతి. వాట్సాప్ సందేశాలు 2016 నుంచి పంపినవారి ఫోనులో తాళం పడి, అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకుంటాయి. కాబట్టి దారిలో వాటిని చదవడం బయటి యాప్ దేనికీ సాధ్యం కాదు. చదవాలంటే ఆ ఫోనులోనే కూర్చుని, యాక్సెసిబిలిటీ అనుమతితో తెర మీది అక్షరాలను, నోటిఫికేషన్ అనుమతితో వచ్చే ప్రతి కబురునూ చూడాలి. మేము కొన్న యాప్ ప్లే స్టోరులో దొరకలేదు. వాళ్ల సైటు నుంచి ఫైలు దించుకోమన్నారు, హానికరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమన్నారు, "ఆ హెచ్చరిక మామూలే" అని ధైర్యం చెప్పారు. దాచిపెట్టి నిఘా వేసే యాప్‌లను గూగుల్ ప్లే నిబంధనలు ఒప్పుకోవు. పిల్లల కోసం చేసిన యాప్ అయినా, తాను పనిచేస్తున్నట్టు ఫోనులో నిత్యం కనిపించే గుర్తు చూపాలి. మాది గుర్తే లేకుండా దాక్కునే యాప్. పైగా ఆ పాత ఫోనులో ఉన్నది నా బ్యాంకు ఖాతాకు ముడిపడిన సిమ్ము. డాష్‌బోర్డులో వెనక్కి వెళ్లి చూస్తే పాప మెసేజీల మధ్య నా ఓటీపీలన్నీ వరుసగా ఉన్నాయి.

ఇది నా ఒక్కరి భయం కాదు. 2018లో టీన్‌సేఫ్ అనే అమెరికా యాప్ సర్వర్లకు పాస్‌వర్డు రక్షణ లేకపోవడంతో, అది కాపాడుతానన్న పిల్లల ఆపిల్ ఐడీలు, పాస్‌వర్డులే బయటపడ్డాయి. స్పైఫోన్ అనే నిఘా యాప్ కంపెనీని 2021 సెప్టెంబరులో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యాపారం నుంచే నిషేధించి, రహస్యంగా పోగుచేసిన సమాచారాన్ని చెరిపివేయమని ఆదేశించింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఏడు రోజులు ఉచితమన్నారు, అందుకోసం డబ్బు దానంతటదే కోతపడే యూపీఐ ఆటోపేకు ఒప్పుకోమన్నారు. "నచ్చకపోతే యాప్ తీసేస్తే చాలు" అన్న వాళ్ల మాట అబద్ధం. యాప్ తీసేసినా ఆటోపే అలాగే ఉంటుంది, మన యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి మనమే రద్దు చేయాలి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇలా డబ్బు కోతపడడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. నాకూ వచ్చింది, కానీ అందులో యాప్ పేరు కాక మరేదో కంపెనీ పేరు ఉండడంతో పోల్చుకోలేకపోయాను. చందాను సులువుగా ఎక్కించి రద్దును కష్టం చేసే ఈ పద్ధతిని 2023 నవంబరులో కేంద్రం విడుదల చేసిన డార్క్ ప్యాటర్న్స్ (వినియోగదారులను బోల్తా కొట్టించే ఎత్తుగడల) మార్గదర్శకాలు పేరు పెట్టి తప్పుపట్టాయి.

ఆ నంబరు విషయంలో ముందుగా స్క్రీన్‌షాట్లు తీసి దాచి, ఆ తర్వాతే బ్లాక్ చేశాం. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన విభాగంలో ఫిర్యాదు చేశాం. కంగారులో మొత్తం చెరిపేస్తే ఆధారం పోతుంది. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది. పాపను మాత్రం ఒక్క మాటా అనలేదు, నాకంటే ముందు అక్కకు చెప్పినందుకు దగ్గరకు తీసుకున్నాను.

ఇప్పుడు ఫోనులో ఉన్నది గూగుల్ ఫ్యామిలీ లింక్, అది ఉచితం. మెసేజీలు చదవదు, చదువుతానని చెప్పుకోదు. ఏ యాప్ వేయాలన్నా నా అనుమతి అడుగుతుంది, నేను పెట్టిన గంటకు ఫోనుకు తాళం వేస్తుంది. ట్యూషన్ నోట్సు నా నంబరుకు పంపమని మాస్టారిని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. పాప ఫోనులో వాట్సాప్ తీసేశాం. మీ పిల్లలు వాడక తప్పని పరిస్థితి ఉంటే, ప్రైవసీలో గ్రూపుల దగ్గర కాంటాక్టులు మాత్రమే చేర్చేలా మార్చి, తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయండి.

డబ్బు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను, తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నమోదైంది కానీ కంపెనీ నుంచి ఇంతవరకు సమాధానం లేదు. పోగుచేసిన మా సమాచారాన్ని చెరిపివేయమని రాసిన రెండు మెయిళ్లకూ జవాబు రాలేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు కూడా లేదు. రసీదు, ఆటోపే కబురు, ఆకుపచ్చ వలయం ఉన్న నివేదిక, నేను చేసిన పరీక్షల స్క్రీన్‌షాట్లు ఒక ఫైలులో పెట్టి ఉంచాను. ఇలాంటి యాప్ మీ పిల్లల ఫోనులో ఉంటే ఈ రాత్రికే అనుమతులు తీసేసి, ఆటోపే రద్దు చేసి, ఆ ఫోనులో బ్యాంకు సిమ్ము ఉందేమో చూసుకోండి.