కడప ఎండల్లో ఏ2 ప్రింటర్: కెనాన్ ప్రో-1000 వాడాక

మా స్టూడియోలోకి కెనాన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో-1000 వచ్చి కొన్నేళ్లయింది. అంతకుముందు పెద్ద ప్రింటు కావాలంటే ఫైలు బెంగళూరు ల్యాబ్‌కు పంపి, పార్శిల్ కోసం ఎదురుచూసేవాళ్లం. రంగు తేడా కొడితే మళ్లీ మొదటికే. ఇప్పుడు ఏ2 సైజు (నాలుగు ఏ4 కాగితాలంత) దాకా కడపలోనే, మా కళ్ల ముందే తీసుకుంటున్నాం. ఈ మెషిన్ మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది.

షాపుకొచ్చే కుర్రాళ్లంతా ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఏ2కి ఎన్ని మెగాపిక్సెళ్లు కావాల?" 24 మెగాపిక్సెల్ ఫైలు పొడవు 6000 పిక్సెళ్లు, ఏ2 పొడవు 23.4 అంగుళాలు. అంగుళానికి 256 పిక్సెళ్లు పడతాయి. చేతిలో పట్టుకుని చూసినా బాగుంటుంది. పాత నికాన్ డి90 ఫైలైతే 4288 పిక్సెళ్లే, అంగుళానికి 183. అయినా దాంతో గండికోటలో ట్రైపాడ్ వేసి తీసిన పెన్నా లోయ మా గోడ మీద ఉంది. మూడడుగుల దూరంలో నిలబడి చూసినవాళ్లెవరూ లోటు పట్టలేదు. అదే లోయ అంచున గాలికి చెయ్యి కదిలిన ఫొటో ఫోన్‌లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ, ఏ2కి వచ్చేసరికి రాతి పగుళ్లన్నీ అలుక్కుపోతాయి. అందుకే ప్రింటుకు ముందు ఫైలును తెర మీద వంద శాతానికి జూమ్ చేసి, మూలమూలా చూడమంటాను.

ఇందులో 11 రంగుల ఇంకులు, వాటితోపాటు క్రోమా ఆప్టిమైజర్ అనే రంగులేని ద్రవం ఉంటాయి. ఆ ద్రవం విలువ తెలియాలంటే కొద్దిపాటి మెరుపుండే లస్టర్ పేపర్ మీది ప్రింటును ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకోవాలి. మాధవరాయ ఆలయ గోపురం ఫొటోలో ద్వారం లోపలి చీకటి, పైన ఆకాశం రెండూ ఒకే మెరుపుతో కనిపిస్తాయి. ఇలా పిగ్మెంట్ ఇంకుతో (సన్నటి రంగు రేణువులుండే ఇంకు) తీసే ప్రింట్లలో నల్లటి చోట్ల కంచు ఛాయ తేలడం మామూలే, ఇక్కడ అది దాదాపు లేదు. మెరుపులేని పేపర్‌కు వాడే మ్యాట్ నలుపుకూ, మెరిసే పేపర్‌కు వాడే ఫొటో నలుపుకూ వేర్వేరు నాజిళ్లు (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు) ఉన్నాయి కాబట్టి, పేపర్ మార్చినప్పుడల్లా ఇంకు వృథా కాదు. ప్రింటు చీకటిగా వస్తోందని చాలామంది మెషిన్‌ను తిడతారు. నా అనుభవంలో తొంభై పాళ్లు మానిటర్ వెలుగు ఎక్కువ పెట్టుకోవడమే కారణం.

మన ఎండాకాలం మాత్రం దీనికి పరీక్షే. ఏప్రిల్, మే నెలల పొడి గాలికి ఇంకు నాజిల్ దగ్గరే ఆరిపోతుంది. కొన్ని మూసుకుపోయినా పక్క నాజిళ్లు ఆ పని అందుకుంటాయి, అది పెద్ద ఊరట. అయినా వారానికొక్క కలర్ ప్రింటైనా తీయాలి, పని లేనప్పుడు దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలి. పేపర్ బయట వదిలేస్తే మూలలు పైకి లేచి, నాజిళ్లుండే ప్రింట్ హెడ్‌కు రాసుకుంటాయి, అంచున నల్లటి గీత పడుతుంది. నేను ప్యాకెట్‌లోంచి ఒక్కో షీటే తీస్తాను.

ఖర్చు తక్కువేం కాదు. 80 మి.లీ. ట్యాంకులు పన్నెండు, ఒక్కటి అయిపోయినా పని ఆగుతుంది. హెడ్ శుభ్రం చేసుకోవడానికి వాడిన ఇంకంతా మెయింటెనెన్స్ కార్ట్రిడ్జిలోకి పోతుంది, దాన్నీ మార్చుకుంటూ ఉండాలి. బయట ఫ్లెక్స్ చదరపు అడుగు లెక్కన చవగ్గా వస్తుంటే ఇంత రేటెందుకని అడిగేవాళ్లకు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. అయినా కొందరు ఫ్లెక్సే అంటారు. ఊరేగింపు బ్యానర్‌కు అదే సరైనది కూడా.

దీనికి రోల్ పెట్టే వీలు లేదు. గండికోట లోయను నాలుగైదు ఫ్రేములు కలిపి తీసిన పనోరమాలను ఇప్పటికీ ల్యాబ్‌కే పంపుతున్నాం. మీ గిరాకీ ఎక్కువగా అలాంటిదే అయితే రోల్ ఎక్కే 24 అంగుళాల మెషిన్ చూసుకోండి. విడి ప్రింట్లకైతే ఇదే తీసుకోండి. బరువు దాదాపు 32 కిలోలు, మేడ మీది గదిలో పెట్టేట్టయితే ఇద్దరు మనుషులను, గట్టి బల్లను ముందే చూసిపెట్టుకోండి.