చుట్టుబాటా, వెళ్లిన దారినే వచ్చే బాటా?

నగరం పక్కనున్న రక్షిత అడవిలో నడకకు వెళ్లేవాళ్లు ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది. చుట్టుబాటలో, అంటే చుట్టూ తిప్పి మొదలుపెట్టిన చోటికే చేర్చే దారిలో, చూసిందే మళ్లీ చూడక్కర్లేదు, మలుపు మలుపుకీ ఏదో కొత్తది ఎదురవుతుంది. కానీ సగం దాటాక కాలు పట్టేసినా, వాన మొదలైనా వెనక్కి తిరిగి లాభం లేదు. దారులు చీలే చోట తికమక కూడా ఎక్కువే, గేటు దగ్గరి మ్యాప్‌ను ఫోటో తీసుకోవాల్సిందే.

రెండో దాంట్లో ఆ టెన్షన్ లేదు. అలసట అనిపించిన చోటే వెనుదిరగొచ్చు. పైగా తిరుగు నడకలో వెలుగు పడే వైపు మారి, పోయేటప్పుడు కనిపించని సాలెగూడు, తడి మట్టిలో జింక గిట్టల గుర్తులు కళ్లబడతాయి. పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే నా ఓటు దీనికే. అయితే మొదట దిగుడు ఉన్న బాటైతే తిరిగొచ్చేటప్పుడు ఎక్కాలి కాబట్టి, సీసాలో నీళ్లు సగానికి రాకముందే వెనక్కి మళ్లండి.